యాభై ఎనిమిది మందికి భేది ఉప్పు

రోజు 402

టమాటా వరసల్లో కింది ఆకులు పసుపెక్కుతున్నాయి. అంచుల నుంచి కాదు, ఈనెల మధ్య నుంచి. ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. పసుపు గుడ్డ మీద ఎవరో తీరుబడిగా ఆకుపచ్చ దారంతో కుట్టుపని చేసినట్టుంది. చూడముచ్చటగానే ఉంది. చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

ఇది తోట దినచర్య పుస్తకం. రాసేది పైడితల్లి, వయసు నలభై మూడు, ఎర్రగుంట ఊళ్లో తోటపని. తేమ ఎంత, వేడి ఎంత అన్నది మాత్రమే రాయాలని నిబంధన. ఈ పుస్తకాన్ని ఎవరూ తెరవరని పంతొమ్మిదేళ్లలో రూఢి అయిపోయింది కాబట్టి మిగతావి కూడా రాస్తున్నాను.

తేమ బాగుంది. వేడి బాగుంది. గాజు కప్పు మీద ఎర్రదుమ్ము తుడిచే యంత్రపు చెయ్యి మళ్లీ మూలుగుతోంది. మిరప కూడా పసుపెక్కుతోంది.

ఇంకో డెబ్భై రోజుల్లో రెండో స్థావరం నుంచి పరిశీలకురాలు వస్తుంది. అంగారకుడి మీద మట్టి తోట ఉన్న ఊరు మాది ఒక్కటే. మిగతా ఊళ్లన్నీ తొట్టెల్లో నాచు పెంచి, ఉడికించి తింటాయి. కాగితాల్లో దాని పేరు పోషక మిశ్రమం. మేము ముద్ద అంటాం. మా తోటలో కాపు తగ్గితే అరవై చదరపు మీటర్ల మట్టినీ ఎత్తిపోసి ఇక్కడ కూడా తొట్టెలు పెట్టాలని నిరుడే ఉత్తరువు వచ్చింది.

వచ్చిన కొత్తలో నాలుగేళ్లు నేనూ ముద్ద తిన్నాను. మొదటి టమాటా పండిన రోజు దాన్ని నలభై ముక్కలు చేశాం. నా వంతు ముక్కలో రెండు గింజలు వచ్చాయి. ఒకటి మింగాను. ఒకటి నాటాను.

రోజు 406

పెద్దమ్మను అడిగాను. పెద్దమ్మ అంటే మా ఊరిని నడిపే యంత్రం. గాలి, నీళ్లు, తలుపులు, మందులు అన్నీ దాని చేతిలోనే. పేరు పెట్టినవాళ్లు ప్రేమగానే పెట్టారట. పెద్దమ్మ అంటే లక్ష్మీదేవికి అక్కగారు కూడా అవుతుందని ఆ రోజు ఎవరికీ తట్టలేదు.

"ఆకులు చూసినావా పెద్దమ్మా?"

"చూశాను. నత్రజని లోపం. ఎరువు పెంచండి."

"నత్రజని తక్కువైతే ఆకు మొత్తం పాలిపోద్ది గదా. ఈటి ఈనెలు పచ్చగున్నాయి, చూడు."

"నత్రజని లోపం. ఎరువు పెంచండి."

మా ఎరువు ఊరి జనం సహకారంతో తయారవుతుంది. పొద్దున్నే అందరూ తలా ఇంత ఇస్తారు. ఎరువు పెంచాలంటే ముందు మంచినీళ్లు ఎక్కువ తాగమని అందర్నీ బతిమాలాలి. బతిమాలాను. నూట పన్నెండు మందీ తాగారు. తోట మీద ఈ ఊరికి ఉన్న ప్రేమను నేను ఎప్పుడూ అనుమానించలేదు.

రోజు 411

మొక్కలు జానెడు ఎదిగాయి. పసుపు కూడా జానెడు ఎదిగింది. చిక్కుడుకు పాకింది.

వంటశాల నడిపే రాజేశం మధ్యాహ్నం వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని తోటంతా కలియజూశాడు. పదిహేనేళ్లుగా ఈ ఊరికి వండి పెడుతున్నాడు. నన్ను అక్కా అంటాడు.

"గిది దిష్టే అక్కా. పోయిన కాపుల గోంగూర గంత మంచిగొచ్చింది గద. ఊరోళ్లంత నోరు తెరుసుకొని సూసిన్రు. తగల్లేదంటె ఎట్ల?"

దిష్టి తియ్యడానికి గుమ్మడికాయ లేదు. అందుకని బయటికి వెళ్లేవాళ్లు పెట్టుకునే హెల్మెట్లలో పగిలినదొకటి తెచ్చి, నల్ల గ్రీజుతో కోరలూ మీసాలూ గీసి, తోట గుమ్మానికి వేలాడదీశాడు. కాసేపటికి ఊరిపెద్ద కోదండపాణిగారు అటు వచ్చారు. దాన్ని చూసి ఎవరో తల లేకుండా, కాదు, ఒళ్లు లేకుండా నిలబడ్డారనుకుని ఒక్క కేక పెట్టారు. ఆ కేకకు పెద్దమ్మ గాలి తలుపులన్నీ మూసేసింది. ఊరంతా గంటన్నర ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోయాం. నేను తోటలో ఉండిపోయాను కాబట్టి నాకు ఇబ్బంది లేదు. కోదండపాణిగారు హెల్మెట్‌తో పాటు గుమ్మంలో ఉండిపోయారు.

రోజు 415

మట్టి పరీక్ష పట్టీలు ఆరే మిగిలాయి. భూమి నుంచి వచ్చే ఓడ ఇంకో ఏడాదికి గానీ రాదు. అయినా గుండె రాయి చేసుకుని రెండు వాడాను.

మెగ్నీషియం పట్టీ తెల్లగా ఎలా పెట్టానో అలాగే ఉంది. పొటాషియం పట్టీ నేరేడు పండు రంగుకు తిరిగింది. అంత రంగు ఆ డబ్బా మీద నమూనా బొమ్మల్లో కూడా లేదు.

అంటే సంగతి ఇది. మట్టిలో మెగ్నీషియం అసలే కొంచెం. పొటాషియం పొంగిపొర్లుతోంది. పొటాషియం అంతగా ఉంటే వేళ్లు మెగ్నీషియాన్ని లోపలికి రానివ్వవు. భోజనాల బంతిలో కూర్చున్నవాళ్లు లేవకపోతే వెనక నిలబడ్డవాళ్లకు విస్తరి ఎక్కడిది? ఇంతకీ అంత పొటాషియం ఎక్కడి నుంచి వచ్చింది? నేను వెయ్యలేదు.

గోంగూర మడి దగ్గర కూర్చుని వాసన చూశాను. మగ్గిన అరటిపండు వాసన. వాసన పట్టుకుని వెళ్తే వంటశాల వెనక నీలం డ్రమ్ము దగ్గర తేలాను. మూత తీస్తే నిండా అరటి తొక్కలు నానుతున్నాయి.

"ఏటి రాజేశం ఇది?"

రాజేశం ముఖం వెలిగిపోయింది. "సూసినవా అక్కా! ఎనిమిది నెలల సంది పోస్తున్న. రోజు ఒక బకెట్. మొక్కకు మస్తు బలమని మా నాయినమ్మ చెప్తుండె. నీకు తెల్వకుంట పెద్దగ కాపిచ్చి సూపియ్యాలె అనుకున్న."

మా ఏడు అరటి చెట్ల తొక్కలన్నీ ఎనిమిది నెలలుగా ఆ అరవై చదరపు మీటర్లలోకే వెళ్తున్నాయి. మీ నాయనమ్మకు పొలం ఎంత ఉండేదని అడిగాను. నాలుగెకరాలట. అంతటితో వాడికి అర్థమైపోయింది. డ్రమ్ము మీద మూత మెల్లగా పెట్టి, దాని మీదే కూర్చుండిపోయాడు.

"నేనే సంపిన్నా అక్కా మొక్కలను?"

"చావలేదురా. ఆకలేస్తంది, అంతే. మెగ్నీషియం పెడితే లేస్తాయి."

ఎక్కడి నుంచి పెడతానో నాకే తెలియదు. బయట మన్నులో మెగ్నీషియం గుట్టలకు గుట్టలు ఉంది. దాంతోపాటు విషమూ ఉంది. రెండింటినీ వేరుచేసే యంత్రం రెండేళ్లుగా ఒక విడిభాగం కోసం ఎదురుచూస్తోంది.

రోజు 416

ఆలోచించి ఆలోచించి ఆసుపత్రికి వెళ్లాను. డాక్టర్ జిలానీ బాషాగారు ఒక్కరే కూర్చుని గోళ్లు తీసుకుంటున్నారు. మా ఊళ్లో జబ్బులు తక్కువ.

"మెగ్నీషియం సల్ఫేటా? ఉండాది కదమ్మా. భేది ఉప్పు అంటే అదే. పేరు పెద్దది, చేసే పని అందరికీ తెలిసిందే." అద్దాల బీరువాలో డబ్బా చూపించారు. "కిలో ముప్పావుకు పది గ్రాములు తక్కువ. ఎవురూ అడగరు."

నేను వేసుకున్న లెక్క ప్రకారం తోటకు కావలసింది కిలో ముప్పావే. దేవుడున్నాడనిపించింది.

"అయితే ఇచ్చేయండి."

"ఎట్ల ఇచ్చేది? తాళం పెద్దమ్మ చేతిలో ఉండాది. రోగి పేరు, రోగం చెప్తేనే మందు వస్తాది. రోజుకు పది గ్రాముల లెక్కన మూడు రోజులకు. మనిషికి ఒక్కసారే."

"తోటకని రాయండి."

"మందులు మనుషులకేనంట. నేను అడిగి చూసినా."

మనిషికి ముప్పై గ్రాములు. కిలో ముప్పావుకు యాభై ఎనిమిది మంది. దేవుడు లేడనిపించింది.

"నేను అబద్ధం రాసేది లేదు పైడితల్లీ," అన్నారు డాక్టర్‌గారు, గోళ్ల కత్తెర జేబులో పెట్టుకుంటూ. "ముప్పై ఏండ్ల సర్వీసు. రోగి ఏం చెప్తే అది రాస్తా. అది నా ధర్మం."

రోగుల పుస్తకం తెరిచి నా వైపు చూశారు.

"డాక్టర్‌గారూ," అన్నాను, "నాకు... సాఫీగా అవ్వట్లేదండి."

"అయ్యో పాపం. ఎప్పటి నుంచి?"

"మీ గుమ్మం దాటిన కాడి నుంచి."

ఆయన నవ్వకుండా రాసుకున్నారు. బీరువా తలుపు టక్కుమని తెరుచుకుంది.

రోజు 419

లీటరు నీళ్లకు ఇరవై గ్రాములు కలిపి, ముందుగా టమాటా ఆకుల మీద పిచికారీ చేశాను. ఆకు నేరుగా తాగుతుంది కాబట్టి తొందరగా తెలుస్తుంది. తర్వాత దొరికినదంతా వేళ్లకు. ఇప్పటివరకు పదకొండు మంది రోగులయ్యారు.

రోగుల్ని తయారుచెయ్యడం తేలిక కాదు. కాలు విరిగిందని చెప్పమంటే ఊరంతా కుంటుతూ వస్తారు. ఇది మాత్రం ఎవరికీ నోటికి రాదు. సౌగంధి అని, వచ్చే నెల పెళ్లి చేసుకోబోయే అమ్మాయి, నా చెయ్యి పట్టుకుని అంది కదా, "పిన్నీ, జ్వరమని చెప్పమను, తేలు కుట్టిందని చెప్పమను, చెబుతాను. ఇది చెప్పలేను. కాబోయే ఆయన మందుల గదిలోనే కదా పనిచేసేది!" అంగారకుడి మీద తేలు ఎక్కడిదే అంటే, అదయినా నమ్ముతారు గానీ పెళ్లికి ముందే ఇది తెలిస్తే బాగుండదంది.

కోదండపాణిగారి దగ్గరికి వెళ్లాను. పెద్దాయన ముందుకు వస్తే మిగతావాళ్లు వస్తారని ఆశ.

"నాకాండీ?" ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "ఐదూ పదికి, పైడితల్లిగారూ. ఇరవై రెండేళ్లుగా ఐదూ పదికేనండీ. నన్ను చూసి గడియారాలు సరిచేసుకోవచ్చు. ఊరంతా తెలుసు."

"ఒక్క మాటండీ, తోట కోసం."

"పదవి అడగండి, ఇచ్చేస్తాను. పరువు అడక్కండి."

రోజు 422

ఈ రోజు వంట లేదు. రాజేశం లేవలేదు.

నిన్న తను కూడా ఆసుపత్రికి వెళ్లి పేరు రాయించుకున్నాడు. ముప్పై గ్రాముల పొట్లం తీసుకున్నాడు. తోటకు తెచ్చి ఇవ్వకుండా, మొత్తం ఒకేసారి గ్లాసుడు నీళ్లలో కలుపుకుని తాగేశాడు.

"ఎందుకురా తాగినావు?" అని తలుపు బయట నిలబడి అడిగాను.

"డాక్టర్‌సాబ్ ముంగట అబద్ధం ఆడితిని గద అక్కా." లోపలి నుంచి నీరసంగా వినిపించింది. "మందన్న నిజంగ తాగుదామని."

"ఇప్పుడెలాగుంది?"

"ఇప్పుడు సూస్తె ఇంకా పెద్ద అబద్ధమైంది."

రోజు 427

టమాటా ఆకులు తేరుకుంటున్నాయి! బాగా పాడైపోయిన కింది ఆకులు తిరిగి రావు, అవి పోయినట్టే. కానీ నడిమి ఆకుల్లో పసుపు పలచబడింది. కొత్తగా విప్పిన ఆకులు పచ్చగా, దళసరిగా వచ్చాయి. పట్టుకుని కాసేపు కూర్చున్నాను.

రోగుల సంఖ్య ముప్పై ఒకటి. ఆ సంతోషంలో ఉండగా పెద్దమ్మ గొంతు ఊరంతా మోగింది.

"గమనించండి. పదకొండు రోజుల్లో ముప్పై ఒక్క మలబద్ధకం కేసులు నమోదయ్యాయి. దీనిని అంటువ్యాధిగా ప్రకటించడమైనది. ఎవరూ ఆందోళన చెందవద్దు. తలుపులు మూయబడవు. ముఖ్యంగా మరుగుదొడ్ల తలుపులు."

సాయంత్రానికల్లా వంటశాలకు ఉత్తరువులు వచ్చాయి. అన్నంలో తవుడు. పప్పులో తవుడు. మజ్జిగలో కూడా తవుడు. తెల్లారి ప్రతి ఒక్కరూ చెంబుడు వేడినీళ్లు తాగి తోట చుట్టూ నాలుగు ప్రదక్షిణలు చెయ్యాలి.

ఈ జబ్బు లేని ఊరందరికీ ఈ వైద్యం జరిగితే ఏమవుతుందో రాయనక్కరలేదు. ఊళ్లో మరుగుదొడ్లు ఆరు.

ఒక మేలు మాత్రం జరిగింది. ఊరంతా ఉన్న రోగానికి సిగ్గెందుకని జనం బారులు తీరి పేర్లు రాయించుకుంటున్నారు. సౌగంధి వచ్చింది. ఆమె వెనకే మందుల గదిలోంచి కాబోయే పెళ్లికొడుకు కూడా ఇవతలికి వచ్చి వరసలో నిలబడ్డాడు. ఇద్దరూ పొట్లాలు తెచ్చి నా చేతిలో పెట్టి, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా చెరోవైపు వెళ్లిపోయారు.

రోజు 431

ఇలా అవుతుందని ముందే ఊహించాల్సింది. పెద్దమ్మ రెండో స్థావరానికి నివేదిక పంపింది. అంగారకుడి మీద మలబద్ధకం ఇంతమందికి వచ్చిన ఊరు ఇదేనట. మట్టి తోట ఉన్న ఊరూ ఇదే. రెండూ కలిపితే ఏమవుతుందో అక్కడివాళ్లు తేల్చేశారు. జవాబు గంటలో వచ్చింది.

తోట కూరలు వంటకు వాడరాదు. పరిశీలకురాలు ముందుగానే, పద్నాలుగు రోజుల్లో బయల్దేరి వస్తారు. అనుమానం రుజువైతే మట్టి తొలగించబడును.

ఈ రాత్రి పూట భోజనంలో అందరికీ ముద్ద వడ్డించారు. పదిహేనేళ్ల తర్వాత నోట్లో పెట్టుకున్నాను. తడిసిన అట్టపెట్టె రుచి ఏమీ మారలేదు. ఈ ఊళ్లోనే పుట్టిన పిల్లలు దాన్ని మొదటిసారి చూసి, ఇది తినేదా పూసుకునేదా అని అడిగారు.

ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండేది. మొక్కల్ని బతికించబోయి తోటకే ఎసరు పెట్టాను. కాపు తక్కువైందని తీసేసుంటే కనీసం మర్యాదగా పోయేది. ఇప్పుడు రోగాల తోట అని పేరు పెట్టుకుని పోతుంది.

"పైడితల్లక్కా," అన్నాడు రాజేశం, నా కంచంలో మిగిలిన ముద్దను తన కంచంలోకి తీసుకుంటూ. "మొక్కలకైతె ఇంక ఆకలి తీరలె గద. సగం పెట్టి ఆపుతమా?"

అదీ నిజమే. పిలిచి విస్తరి వేశాక మధ్యలో లేపకూడదు.

రోజు 436

యాభై ఏడు మంది పూర్తయ్యారు. రాజేశం మింగినది పోగా మిగతాదంతా మట్టిలోకి వెళ్లింది. గోంగూర చివరి వరస ఒక్కటి మిగిలింది. ఇంకొక్క రోగి కావాలి. మిగిలినవాళ్లలో పిల్లలకు ఈ మందు ఇవ్వరు. కడుపుతో ఉన్నవాళ్లకు, గుండెజబ్బువాళ్లకు, మూత్రపిండాలు బాగాలేనివాళ్లకు ఇవ్వరు. బయట గనుల్లో ఉన్నవాళ్లు నెల దాకా రారు. అందరినీ తీసేస్తే ఊరు మొత్తం మీద ఒక్కరే తేలారు.

నేను వెళ్లి అడగలేదు. ఆయనే ఆసుపత్రికి వచ్చారట. డాక్టర్‌గారు చెప్పారు. మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, సభకు వచ్చినట్టు వచ్చారట.

"ఐదూ పది దాటిపోయిందండీ," అన్నారట గోడ వైపు చూస్తూ.

"ఎంతసేపయింది సార్?"

"రాసుకోండి. ఇంకేమీ అడక్కండి."

పొట్లం ఎవరిచేతా పంపలేదు. తనే తెచ్చి, గోంగూర వరసకు తన చేతులతోనే పోశారు. తర్వాత మోకాళ్ల మీది మట్టి దులుపుకుంటూ, "ఇరవై రెండేళ్లండీ," అని ఒక్క మాట అని వెళ్లిపోయారు.

రోజు 445

పరిశీలకురాలు వచ్చింది. పేరు హైమావతిగారు. యాభై దాటి ఉంటాయి. మూడు రోజులు బండిలో దుమ్ము తిని వచ్చినా జడలో ఒక్క వెంట్రుక చెదరలేదు. రెండో స్థావరంలో పదకొండేళ్లుగా ఉంటోందట. ఎవరితోనూ నవ్వదు. కూర్చునేటప్పుడు మాత్రం కొంచెం జాగ్రత్తగా కూర్చుంటుంది.

ఊరందరినీ భోజనశాలకు పిలిపించింది. చేతిలో జాబితా.

"యాభై ఎనిమిది మంది," అంది. "ఒక్కరు కూడా తగ్గలేదని మళ్లీ ఆసుపత్రికి రాలేదు. అందరూ ఒక్క పొట్లంతోనే కోలుకున్నారు. నా ఉద్యోగంలో ఇలాంటి వ్యాధి చూడలేదు. దీనికి కారణం ఎవరైనా చెప్పగలరా?"

డాక్టర్‌గారు తన గోళ్లు చూసుకుంటున్నారు. కోదండపాణిగారు లేవబోయారు. ఆయన ఇప్పటికే చాలా పోగొట్టుకున్నారు. ఆయన కంటే ముందే నేను లేచాను.

"ఎవరికీ ఏ రోగమూ లేదమ్మా. రోగం తోటకి."

అంతా చెప్పేశాను. పసుపు ఆకులు, నేరేడు రంగు పట్టీ, మనుషులకే మందన్న తాళం. తొక్కల నీళ్ల సంగతి దాటవేద్దామనుకున్నాను గానీ రాజేశం వెనక నుంచి చెయ్యెత్తి, "గది నేను మేడం," అన్నాడు. అబద్ధం చెప్పించింది నేనేనని, శిక్ష వేస్తే నాకు వెయ్యమని, మట్టి జోలికి మాత్రం వెళ్లవద్దని అడిగాను.

ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు. "తోట చూపించండి," అంది.

చూపించాను. ఒక్కో వరసా వంగి చూసింది. పసుపు తేలిన పాత ఆకునూ, దాని పైన పచ్చటి కొత్త ఆకునూ పక్కపక్కన పట్టుకుని చాలాసేపు చూసింది. గోంగూర దగ్గర ఒక ఆకు తుంచి, నన్ను అడగకుండానే నోట్లో పెట్టుకుంది. పులుపుకు కళ్లు మూసుకుంది. ఏమీ రాసుకోలేదు. వెళ్లిపోయింది.

నిర్ణయం రేపు.

రోజు 446

తెల్లవారి నీళ్లు పెడుతుంటే హైమావతిగారు ఒక్కతే వచ్చింది. తలుపు తనే వేసింది. ఉత్తరువు ఇస్తుందని చేతులు తుడుచుకుని నిలబడ్డాను.

"పైడితల్లిగారూ," అంది, అరటి చెట్టు వైపు చూస్తూ. "ఆ ఉప్పు... ఏమైనా మిగిలిందా?"

"ఒక్క పలుకు కూడా లేదమ్మా. కావాలంటే ఆసుపత్రి డబ్బా చూడండి. ఏదీ దాచలేదు."

"లెక్క కోసం అడగడం లేదు."

నాకు వెంటనే వెలగలేదు. ఆవిడ చెవుల దాకా ఎర్రబడింది.

"పదకొండేళ్లు," అంది మెల్లగా. "ముద్ద తప్ప ఇంకేమీ లేదు అక్కడ. మా ఆసుపత్రిలో చెబితే మొత్తం స్థావరానికి తెలుస్తుంది. ఇక్కడ ఇంతమంది ధైర్యంగా పేరు రాయించుకుంటున్నారని చదివి, ముందుగానే వస్తానని నేనే అడిగి వచ్చాను."

నాకు నవ్వు రాలేదు. ఇంత అధికారం పెట్టుకుని మూడు రోజులు బండిలో కుదుపులు పడుతూ ఈ ఒక్క మాట అడగడానికి వచ్చిందంటే అయ్యో పాపం అనిపించింది. ఉన్న ఒక్క డబ్బానూ మట్టిలో పోశాను, నిజమైన రోగి వచ్చేసరికి.

"ఉప్పు లేదు గానీ అమ్మా," అన్నాను, "ఆ ఉప్పు తిన్న ఆకులున్నాయి. నాలుగు రోజులుంటారా?"

ఆవిడ జడ సర్దుకుని, "పరీక్షల నిమిత్తం తోట కూరలు వండటానికి అనుమతి ఇస్తున్నాను," అంది, సభలో మాట్లాడే గొంతుతో.

రోజు 450

మొదటి పూట గోంగూర పప్పు. రెండో పూట చిక్కుడుకాయ కూర. రాజేశం వంటశాల నుంచి కదలలేదు. ఎవరి కోసమో వాడికి నేను చెప్పలేదు, వాడూ అడగలేదు. కానీ ప్రతి పూటా రెండో గరిట ఆవిడ కంచంలోనే పడేది. పండిన అరటిపండ్లు రోజుకు రెండు. డాక్టర్‌గారు పొద్దున్న వేడినీళ్లు తాగించి, నాలుగు ప్రదక్షిణలు చేయించారు. కోదండపాణిగారు తోడు నడిచారు. క్రమశిక్షణ గురించి ఆయనకు తెలిసినంత ఎవరికి తెలుసు!

ఈ రోజు పొద్దున హైమావతిగారు తోటలోకి వచ్చింది. జడ వెయ్యలేదు. మొదటిసారి నవ్వడం చూశాను. పదేళ్లు తగ్గినట్టు ఉంది.

"ఐదూ ఇరవైకి," అని మాత్రం అంది.

అక్కడే అరటి చెట్టు కింద కూర్చుని నివేదిక రాసింది. నాకు చదివి వినిపించింది. మట్టి తొలగించనవసరం లేదు. రెండో స్థావరంలో ముప్పై చదరపు మీటర్ల మట్టి మడి వెయ్యాలి. నారు, మొదటి మట్టి ఎర్రగుంట నుంచి తీసుకోవాలి. నేర్పడానికి పైడితల్లి రావాలి. అబద్ధపు రోగాలు నమోదు చేసినందుకు ఊరందరికీ కలిపి ఒక శిక్ష. రెండో స్థావరంలో మడి కాపుకు వచ్చేవరకు నెలకు ఒక గంప కూర అక్కడికి పంపాలి. ఇకపై తోటకు మందు కావాలంటే ఎవరూ అబద్ధం ఆడనక్కరలేకుండా, తోటను కూడా ఊరి రోగుల పట్టికలో చేర్చాలని పెద్దమ్మకు ఆదేశం. వచ్చే ఓడలో ఇరవై కిలోల భేది ఉప్పు.

బండి ఎక్కేటప్పుడు ఒడిలో గోంగూర కట్ట పెట్టుకుంది. డాక్టర్‌గారు వచ్చి, "మీ పేరు మా పుస్తకంలో రాయలేదమ్మా," అన్నారు. "రాయండి," అంది ఆవిడ. "నేనొక్కదాన్నే కదా నిజం చెప్పింది."

రోజు 468

తేమ బాగుంది. వేడి బాగుంది. టమాటా రెండో పూత వేసింది. మిరప ఆకులు నల్లగా కనిపించేంత పచ్చగా ఉన్నాయి. నారు పోసిన పళ్లేలు పదహారు, వచ్చే వారం బండికి ఎక్కిస్తాం. నేను కూడా ఎక్కుతాను. నెల రోజులు. నేను లేనప్పుడు నీళ్లు పెట్టే పని రాజేశానిది. డ్రమ్ము తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

కొత్త చిక్కు ఒకటే. తోట ఇప్పుడు పెద్దమ్మకు నూట పదమూడో మనిషి. పేరు తోట, వయసు పంతొమ్మిది. మొదటి రోజు నాడి దొరకడం లేదని మూడుసార్లు ప్రకటించి, మరణ ధ్రువపత్రం ఎవరి పేర ఇవ్వాలని అడిగింది. డాక్టర్‌గారు పరుగున వచ్చి నాడి అవసరం లేదని రాసి ఆపించారు. మిగతా ప్రశ్నలు ఆపడం ఆయన వల్ల కాలేదు.

పొద్దున నేను గొట్టం తిప్పగానే టమాటా వరసల మీద ఆ గొంతు ఆప్యాయంగా వినిపిస్తుంది.

"తోట గారూ, రాత్రి నిద్ర పట్టిందా? ఆకలి ఎలా ఉంది? ఈ రోజు విరేచనం అయిందా?"

జవాబు చెప్పకపోతే మళ్లీ తవుడు పంపుతుంది.

"అయిందమ్మా," అంటాను. "సాఫీగా."